మూడు వోల్టులు: మన సైన్సు గది మీటరు కథ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేశారు. హెడ్మాస్టర్ల గురించి, కబడ్డీ జట్టు గురించి రాసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నేను ముప్పై ఏళ్లకు పైగా కొలత పరికరాలు బాగుచేస్తూ బతికినవాణ్ణి. అందుకని మన సైన్సు గది బీరువాలో ఉండే ఒక పరికరం చరిత్ర రాస్తున్నాను. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది.

1974లో చదివినవాళ్లకు ఆ మల్టీమీటరు గుర్తుండే ఉంటుంది. నల్లటి బేకలైట్ పెట్టె, అద్దం కింద సన్నని సూది, మధ్యలో టక్కుమని తిరిగే నాబ్, ఎరుపూ నలుపూ తీగలు. మాస్టారు దాన్ని పాత తువ్వాలులో చుట్టి దాచేవారు. ఆ ఏడాది జిల్లా సైన్సు ప్రదర్శనకు ఒక్క విద్యార్థిని పంపాలి. ఒక ప్రయోగం పెట్టి, రికార్డు ఎవరు బాగా రాస్తే వాళ్లనే పంపుతానన్నారు.

ప్రయోగం చిన్నదే. ఆరు టార్చి సెల్లులు వరసగా పెడితే 9 వోల్టులు. వాటికి పదివేల ఓంల రెసిస్టర్లు రెండు, ఒకదాని వెనుక ఒకటి కలపాలి. ఒక్కో రెసిస్టరు మీద ఎన్ని వోల్టులున్నాయో కొలిచి రాయాలి. రెండూ సమానం కాబట్టి చెరి సగం, 4.5 రావాలని పుస్తకం చెబుతుంది.

నా పక్క బెంచీ మిత్రుడు మీటరు పెట్టాడు. సూది 3 దగ్గర ఆగింది. రెండో దాని మీద పెట్టినా 3. సెల్లుల మీద నేరుగా పెడితే సరిగ్గా 9. వాడు రికార్డులో 3, 3, 9 అని ఉన్నదున్నట్టు రాసి, కింద ఇలా చేర్చాడు: "మూడూ మూడూ ఆరు. మిగతా మూడు వోల్టులు ఎక్కడికి పోయాయో తెలియలేదు."

నేను కొలిచినప్పుడు కూడా సూది 3 దగ్గరే ఆగింది. నేను 4.5 అని రాశాను.

మాస్టారు వాడి చేత అందరి ముందూ మళ్లీ కొలిపించారు. మళ్లీ 3 వచ్చింది. అప్పుడు మీటరును సెల్లులకు తగిలించి, "చూడు, 9 చూపిస్తోంది. మీటరు బాగానే ఉంది. నీ కనెక్షనే తప్పు" అన్నారు. ప్రదర్శనకు నేను వెళ్లాను. వాడు ఇంటర్లో సైన్సు తీసుకోలేదు. అది ఆ మీటరు వల్లేనని నేను అనలేను. కాదని కూడా అనలేను.

పాలిటెక్నిక్ రెండో ఏడాది క్లాసులో అసలు సంగతి తెలిసింది. సూది మీటరు కదలాలంటే కొలిచే సర్క్యూట్ నుంచే కొంత కరెంటు తీసుకోవాలి. మన మీటరు సూది చివరిదాకా వెళ్లడానికి ఒక మిల్లీ ఆంపియరు కావాలి. అంటే వోల్టుకు వెయ్యి ఓంలు. పది వోల్టుల రేంజిలో పెడితే ఆ మీటరే ఒక పదివేల ఓంల రెసిస్టరు. దాన్ని ఇంకో పదివేల ఓంల రెసిస్టరుకు పక్కన తగిలిస్తే రెండూ కలిసి ఐదువేలవుతాయి. అప్పుడు 9 వోల్టులు చెరి సగం కావు, 3, 6గా విడిపోతాయి. సెల్లులకు ఒక మిల్లీ ఆంపియరు లెక్కే కాదు కనుక అక్కడ 9 సరిగ్గానే వస్తుంది. మీటరు తీసేస్తే మళ్లీ 4.5. సూది పెట్టిన క్షణంలో అక్కడ ఉన్నది నిజంగా 3 వోల్టులే. మా వాడు రాసింది అక్షరాలా సరైన కొలత. ఆ రోజు నోటుపుస్తకంలో ఆ లెక్క రెండుసార్లు వేసి చూసుకున్నాను.

ఇది కొత్తగా కనుక్కున్న విషయమేమీ కాదు. బ్రిటన్ తపాలా శాఖలో పనిచేసిన డోనాల్డ్ మకాడీ, వోల్టులకొకటి, ఆంపియర్లకొకటి, ఓంలకొకటి పరికరాలు మోయలేక అన్నీ ఒకే పెట్టెలో పెట్టిన మీటరు 1923లో వచ్చింది. ఆ మూడు మాటల మొదటి అక్షరాలతోనే దానికి అవోమీటరు అని పేరు. బ్యాటరీలు, కరెంటు లైన్లు కొలిచినంతకాలం మీటరు తినే కరెంటు ఎవరికీ పట్టలేదు. రేడియోలు వచ్చాక పట్టింది. పాత రేడియోల సర్వీసు కాగితాల్లో, ఈ వోల్టేజీలు వోల్టుకు ఇన్ని ఓంల మీటరుతో కొలిచినవి అని రాసి ఉండేది. 1951లో వచ్చిన అవో 8 వోల్టుకు ఇరవై వేల ఓంల మీటరు. దానితో మన ప్రయోగం చేస్తే దాదాపు 4.4 వచ్చేది. మన మీటరు డయల్ మీద కూడా ఆ వెయ్యి అంకె ఉంది. కానీ అడుగు మూలన, చీమ తలంత అక్షరాల్లో. దాని అర్థం చెప్పే కాగితం పెట్టెలో లేదు. మాస్టారికి ఎవరు చెబుతారు?

తర్వాత హైదరాబాదులో ఒక సంస్థ రిపేరు విభాగంలో చేరాను. అప్పట్లో విదేశీ పరికరానికి విడిభాగం కావాలంటే దిగుమతి లైసెన్సు, నెలల తరబడి నిరీక్షణ. అక్కడ తెలిసింది, పరికరాలు పాతబడి చెడిపోవడం వేరు, చెడిపోయేలా తయారవడం వేరు అని. వేడెక్కే ట్రాన్సిస్టర్ల పక్కనే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు బిగించేవారు. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని మా లెక్క. చల్లటి దేశంలో గీసిన డిజైను మన మే నెలలో ఎలా బతుకుతుంది? జ్ఞాపకం నిలిపే నికెల్ కాడ్మియం బ్యాటరీని నేరుగా బోర్డుకే అతికేవారు. కొన్నేళ్లకు అది కారి, రాగి గీతలను తినేసేది. ఏఎఫ్117 రకం జెర్మేనియం ట్రాన్సిస్టర్ల డబ్బా లోపల వెంట్రుక కన్నా సన్నని తగరం మీసాలు మొలిచి షార్టు చేసేవి. వేలితో కొడితే పరికరం పనిచేసేది, మర్నాడు మళ్లీ ఆగేది.

ఒక ఆసిల్లోస్కోపు మాత్రం మరిచిపోలేను. ఏడాదిలో నాలుగుసార్లు బల్ల మీదికొచ్చింది. ప్రతిసారీ చీటీలో ఒకే మాట: "ఆపరేటర్ మోటుగా వాడుతున్నారు." ఆపరేటరు కొత్తగా చేరిన అమ్మాయి. ఆమెకు మెమో ఇవ్వబోతున్నారని తెలిసింది. ఆ సాయంత్రం పరికరాన్ని పూర్తిగా విప్పాను. 15 వోల్టుల లైను మీద 16 వోల్టుల టాంటలం కెపాసిటర్లు వరసగా ఉన్నాయి. రేటింగు అంచున నడిచే ఆ రకం షార్టయి పోతుంది. అక్కడ ఒకటి పోయినప్పుడల్లా ఆ ఒక్కదాన్నే మార్చి పంపుతున్నాం. అన్నీ తీసి 35 వోల్టులవి వేశాను. రిజిస్టరులో "డిజైను లోపం, ఆపరేటర్ తప్పు లేదు" అని రాసి సంతకం పెట్టాను. మెమో ఆగింది. సంతకం పెడుతుంటే 3, 3, 9 గుర్తొచ్చాయి.

మంచి డిజైను ఎలా ఉంటుందో కూడా అదే బల్ల మీద చూశాను. 1946లో అమెరికాలో మొదలైన టెక్‌ట్రానిక్స్ వాళ్ల పాత ఆసిల్లోస్కోపుల్లో భాగాలను వెండి పూత పింగాణీ పట్టీల మీద అతికేవారు. మామూలు టంకం ఆ వెండిని కరిగించేస్తుంది. అందుకని వెండి కలిపిన టంకం చిన్న చుట్టను పెట్టెలోనే ఉంచి పంపేవారు. ఎక్కడో ఎప్పుడో దీన్ని విప్పబోయే మనిషి ఒకడుంటాడని గీసినవాళ్లు ముందే తలుచుకున్నారన్నమాట.

కిందటి సమ్మేళనంలో మా వాడు కలిశాడు. పక్కకు తీసుకెళ్లి, ఆహ్వాన పత్రిక వెనుక లెక్క వేసి చూపించాను. నేనూ ఆ రోజు 3 చూసి 4.5 రాశానని చెప్పాను. కాసేపు కాగితం వంక చూసి, "ఒరేయ్, అయితే ఆ మూడు వోల్టులు మీటరు తినేసిందన్నమాట" అన్నాడు. తర్వాత, "మాస్టారు ఉండుంటే ఆయనకీ చూపించేవాళ్లం" అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఈ స్వర్ణోత్సవం సందర్భంగా బడి సైన్సు గదికి పరికరాలు కొందామని అనుకుంటున్నాం. నాదొక మనవి. ధర ఒక్కటే చూడొద్దు. సర్క్యూట్ బొమ్మ ఇస్తారా, ఫ్యూజు పైనుంచే మార్చుకోవచ్చా, విడిభాగాలు మన ఊళ్లో దొరుకుతాయా అని అడిగి కొందాం. ఏడాదికోసారి వచ్చి వాటిని సరిచూసే పని నాకు వదిలేయండి. పాత మీటరు ఇంకా బీరువాలోనే ఉంది. దాన్ని పారేయొద్దు. రెండు రెసిస్టర్లు, సెల్లులు పక్కన పెట్టి, పదో తరగతి పిల్లల చేత ఆ ప్రయోగం చేయిద్దాం. 3 అని రాసిన పిల్లలకు పూర్తి మార్కులు వేయమని సైన్సు టీచరు గారిని ఇప్పటికే అడిగాను.