నర్సు విద్యకు పూర్వరంగము

రోగికి ఉపచారము చేయుట మానవ కుటుంబమంత ప్రాచీనమైన పని. తల్లి బిడ్డకును, కోడలు అత్తకును, భార్య భర్తకును చేయుచు వచ్చిన యీ పనికి వేరుగ చదువొకటి కావలెనను ఊహ లోకమునకు మిక్కిలి ఆలస్యముగ గలిగినది. ప్రేమ యున్నచోట ఉపచారము తనంతట వచ్చునని పెద్దలు తలచిరి. ప్రేమగల చేయి సైతము మురికిగా నున్నచో గాయమును చెరుపునన్న సంగతి చిరకాలము ఎవరికిని తెలియలేదు.

కూలికి ఉపచారము చేయు స్త్రీల స్థితి మరింత హీనము. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున లండను ఆస్పత్రులలో ఈ పనికి వచ్చినవారు చాలవరకు వేరు జీవనాధారము లేని బీదరాండ్రు. డికెన్సు 1843-44 సంవత్సరములలో భాగములుగ ప్రకటించిన ‘మార్టిన్ చజిల్‌విట్’ నవలలోని సేరీ గ్యాంప్ అను త్రాగుబోతు దాదిని చూచి ఆనాటి పాఠకులు నవ్వుకొనిరి. ఆ నవ్వు అందఱియెడ న్యాయమైనది కాదు. రాత్రులు మేల్కొని రోగులను కాచిన సాధుస్త్రీలును వారిలో నుండిరి. అయినను గౌరవ కుటుంబములవారు తమ ఆడపిల్లలను ఆస్పత్రి గడప త్రొక్కనీయకుండుటకు ఆ అపకీర్తి చాలెను.

ఫ్లారెన్సు నైటింగేలు ఎదుర్కొన్న మొదటి అడ్డంకి యిదియే. ఈమె 1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున, సంపన్నమైన ఆంగ్ల కుటుంబమున జన్మించెను. 1845లో సాల్స్‌బరీ ఆస్పత్రికి పోయి కొన్ని నెలలు పని నేర్చుకొందునని యడుగగా ఇంటివారు సమ్మతింపలేదు. నాటినుండి ఆమె తెల్లవారక ముందే లేచి, ఆస్పత్రుల నివేదికలను, ప్రజారోగ్యమును గూర్చిన ప్రభుత్వ పత్రములను చదివి, అందలి అంకెలను వ్రాసికొనెడిది. పగలు మాత్రము అతిథి మర్యాదలు, ఇంటి వ్యవహారములు తప్పెడివి కావు. 1851లో, ముప్పది యొకటవ యేట, జర్మనీలో రైను నదీతీరమున పాస్టరు ఫ్లీడ్నరు స్థాపించిన కైసర్వెర్తు సంస్థయందు మూడు నెలలు శిక్షణ పొందగలిగెను. 1853లో లండనునందు స్త్రీల చికిత్సాలయ మొకటి ఆమె నిర్వహణము క్రిందికి వచ్చెను. 1854 నవంబరులో 38 మంది స్త్రీలతో స్కుటారీ సైనిక వైద్యశాల చేరినది. చేతి దీపముతో రాత్రివేళ రోగుల నడుమ తిరిగిన ఆ మూర్తినే ప్రజలు తలచుకొందురు. అంతకు పూర్వపు తొమ్మిది సంవత్సరముల చదువును తలచువారు తక్కువ.

యుద్ధకాలమున ప్రజలు ఆమె పేర కూర్చిన నిధి నలువదివేల పౌనులకు మించెను. దానితో 1860లో లండను సెయింటు థామసు ఆస్పత్రియందు శిక్షణాలయము తెరువబడెను. మొదట చేరినవారు పదునైదుగురు. సాధారణముగ ఇరువదియైదు ఏండ్లకు పైబడి, సత్ప్రవర్తనకు యోగ్యతాపత్రము గలవారినే చేర్చుకొనిరి. భోజనము, వసతి, దుస్తులుగాక సంవత్సరమునకు పది పౌనులు ముట్టెను. కట్లు కట్టుట, పడక అమర్చుట మొదలుకొని రోగి నాడిని, చర్మమును, నిద్రను, ఆహారమును గమనించుట వరకు నేర్పిరి. ప్రతి విద్యార్థిని సమయపాలనము, శుభ్రత, నమ్మకము ఎట్లున్నవో నెలనెలా పట్టికలో నమోదయ్యెను. విద్యార్థినులను కనిపెట్టి చూచిన మేట్రను వార్డ్రోపరమ్మ తాను ఏ శిక్షణాలయమునను చదివినది కాదు. ఆస్పత్రి పనిలోనే ఆరితేరినది. మొదటి గురువులకు గురువు లెక్కడనుండి వత్తురు?

పాఠశాలకు ముందే వెలువడిన నైటింగేలు ఉపచార గ్రంథము 1861లో శ్రామిక కుటుంబముల కొఱకు చౌకవెలకు మరల ముద్రింపబడెను. చదువను వ్రాయను నేర్చిన స్త్రీయే ఈ పనికి తగినదను అభిప్రాయము క్రమముగ స్థిరపడసాగెను.

ఆ అభిప్రాయము అన్నిచోట్ల ఒక్కమారే నెగ్గలేదు. అమెరికాలో లిండా రిచర్డ్సు 1872లో బోస్టను నగరపు స్త్రీల ఆస్పత్రియందు చేరి మరుసటి యేట పట్టము పొందెను. ఉదయము అయిదున్నర మొదలు రాత్రి తొమ్మిది గంటల వరకు పని, పాఠ్యపుస్తకములు లేవు. మందుసీసాలమీద పేర్లకు మారుగ అంకెలు మాత్రమే యుండెను. తాము ఏ మందు త్రాగించుచున్నదియు నర్సులకు తెలియరాదని వైద్యుల యుద్దేశము! అట్టి శిక్షణము పొందిన ఆమెయే న్యూయార్కు బెల్‌వ్యూ ఆస్పత్రికి పోయి, అంతవరకు నోటిమాటగ సాగిన రోగి సమాచారమును కాగితముపై వ్రాసి యుంచు పద్ధతిని ప్రవేశపెట్టెను. రాత్రి కాచిన నర్సు చూచినది పగటి వైద్యునికి చేరుటకు ఇంతకు మించిన సాధనము లేదు.

భారతదేశమున ఈ విద్యకు తొలి స్థానము చెన్నపట్టణము. 1871లో అచ్చటి ప్రభుత్వ జనరలు ఆస్పత్రిలో నలుగురు విద్యార్థినులతో శిక్షణ ప్రారంభమయ్యెను. తెలుగు సీమలో 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు కృషివలన 1898లో స్త్రీల ఆస్పత్రి వెలసెను. వెల్లూరునందు డాక్టరు ఐడా స్కడ్డరు ఆస్పత్రిలో 1909లో నర్సుల పాఠశాల నెలకొనెను. కాని బడి తెరచినంతనే పిల్లలు రారు. కులము చెడునని, పరపురుషుని దేహము తాకవలసి వచ్చునని, రాత్రులు ఇల్లు విడిచి యుండవలెనని, పిదప పెండ్లి కాదని పెద్దలు వెనుదీసిరి. అందుచేత తొలినాళ్లలో చేరినవారిలో ఆంగ్లో ఇండియనులు, క్రైస్తవ కుటుంబముల బాలికలు, వితంతువులు విశేషముగ నుండిరి. ఇతరులు అంటనొల్లని పుండ్లను కడిగి, దేశమున ఈ వృత్తికి పునాది వేసినవారు వీరే. వారికి ఆనాటి సంఘము తగిన గౌరవ మీయలేదు.

పెద్దల భయములన్నియు వట్టివి కావు. జీతము స్వల్పము, వసతి ఇరుకు. 1946లో వెలువడిన భోర్ సంఘ నివేదిక నర్సుల జీవన పరిస్థితులను తీవ్రముగ విమర్శించెను. నాటికి దేశమున సుమారు నలువది మూడువేల జనమునకు ఒక్క నర్సు. ఆ సంవత్సరమే ఢిల్లీలోను, వెల్లూరులోను నర్సు విద్యకు విశ్వవిద్యాలయ పట్టము ఏర్పడెను. శిక్షణ ప్రమాణములు దేశమంతట ఒక్కరీతిగ నుండుటకు 1947లో భారత నర్సింగు మండలి చట్టము వచ్చెను; దాని స్థానమున 2023లో పార్లమెంటు క్రొత్త చట్టమును ఆమోదించెను.

ఇప్పుడు బి.యస్‌సి. నర్సింగు నాలుగేండ్ల చదువు. చేరుటకు పదునేడేండ్లు నిండి, ఇంటర్మీడియటున భౌతిక, రసాయన, జీవశాస్త్రములతోపాటు ఇంగ్లీషు చదివి యుండవలెను. ఆ విషయములలో పట్టులేక కేవలము దయతో వచ్చిన విద్యార్థిని మందు మోతాదు లెక్కకట్టుటలోనే తడబడును. చేరిన తొలి నెలలలో నేర్పునవి మాత్రము మిక్కిలి సామాన్యముగ గనబడును: చేతులు కడుగుట, పడక అమర్చుట, సెకండ్ల ముల్లుగల గడియారము చూచి నాడిని లెక్కించుట, ఆ సంఖ్యను వెంటనే రోగి పట్టికలో వ్రాయుట.