హోటల్ పోయిన జాగాలో

గుత్తిలో చిన్నప్పుడు అబ్బా చెయ్యి పట్టుకుని వెళ్లిన చాయ్ హోటల్ ఇప్పుడు లేదు. ఆ జాగాలో సెల్‌ఫోన్ల దుకాణముంది. అక్కడ ముసాఫిర్ కూర్చోగానే చాయ్ కంటే ముందు లోటాతో నీళ్లొచ్చేవి. జేబులో పైసా లేకున్నా నీళ్లకు ఎవరూ కాదనలేదు. యాద్‌గార్‌గా ఓ బోర్డు పెడదామని దోస్తులన్నారు. నాకు మన్రో గుర్తొచ్చాడు.

థామస్ మన్రో 1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చాడు, తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో ఇంతెఖాల్ అయ్యాడు. గుత్తి కోట కింద దఫన్ చేశారు. 1831లో అస్థికలు మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి వెళ్లిపోయాయి. మద్రాసులో గుర్రమ్మీద కంచు విగ్రహమూ నిలిచింది. మన సీమలో మాత్రం ఆయన పేరిట సర్కారు పత్తికొండలో మెట్ల బావి కట్టించి, చుట్టూ తోపు పెంచింది. గుత్తిలో బాటసారులకు చత్రం, అంటే మన ముసాఫిర్‌ఖానా, కట్టించింది. పరాయి హుకూమత్తే, శిస్తు గట్టిగానే గుంజింది. అయినా ఈ గడ్డ మీద మనిషిని ఎట్లా యాద్ చేసుకోవాలో దానికీ తెలిసింది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని జిల్లా మనది. ఇక్కడ నీళ్లు పోయడమే సదఖా-ఎ-జారియా. అందుకే బోర్డు వద్దన్నాను. దుకాణం అబ్బాయి ఇజాజత్ ఇచ్చాడు. ఎండాకాలం గోడవార రెండు కుండలు పెట్టాం. వాటి మీద సున్నంతో హోటల్ పేరు రాశాం. కుండ పగిలితే కొత్తది తెచ్చి మళ్లీ రాయాలి. మీ ఊళ్లోనూ అట్లాంటి హోటల్ ఒకటి పోయుంటుంది. ఈ ఎండలకు అక్కడ ఒక కుండ పెట్టండి.