చమురు సురసానియానంలో, తగువు కౌలాలంపూర్‌లో

అమలాపురం దాటి సముద్రం వైపు వెళ్తే సురసానియానం వస్తుంది. రవ్వ ఫీల్డ్‌లో కడలి అడుగు నుంచి తీసిన చమురు, గ్యాస్ ఒడ్డెక్కేది అక్కడే. మరి దాని మీద తగువొస్తే ఎక్కడ తేలాలి? అమలాపురం కోర్టులోనా? కాదు, మలేషియాలో!

1994 అక్టోబర్ 28న కేంద్రానికీ, ఓఎన్‌జీసీ, వీడియోకాన్, ఆస్ట్రేలియా వాళ్ల కమాండ్ పెట్రోలియం, రవ్వ ఆయిల్ కంపెనీలకూ ఒప్పందం కుదిరింది. కమాండ్ తర్వాత కెయిర్న్ చేతికి, ఆపైన వేదాంతకు వెళ్లింది. ఒప్పందానికి మన చట్టం, మధ్యవర్తిత్వ క్లాజుకు ఇంగ్లండ్ చట్టం, తీర్పు చోటు కౌలాలంపూర్. ఒకే కాగితంలో మూడు దేశాలు!

అప్పటికి మనకున్నది 1940 నాటి ఆర్బిట్రేషన్ చట్టం. కోర్టు జోక్యం ఎక్కువ. ఐక్యరాజ్యసమితి 1985 నమూనాను చూసి 1996లో కొత్త చట్టం తెచ్చారు. అందులో మొదటి భాగం ఇక్కడ జరిగే మధ్యవర్తిత్వానికి, రెండోది విదేశాల్లో వచ్చిన అవార్డుల అమలుకు.

2003లో తమాషా జరిగింది. కౌలాలంపూర్‌లో విచారణ ఉండగా సార్స్ జబ్బు వ్యాపించింది. అందరూ ఆమ్‌స్టర్‌డామ్‌కు, తర్వాత లండన్‌కు మారారు. మరి చట్టపరమైన చోటు కూడా మారినట్టేనా? మారలేదని 2011 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పందాన్ని మార్చాలంటే అందరూ రాతపూర్వకంగా సంతకం పెట్టాలి కదా!

అసలు డబ్బు గొడవ వేరే. పాలికిచ్చిన చేను గుర్తు తెచ్చుకోండి: ముందు పెట్టుబడి తీసేసి, మిగిలిన ధాన్యం పంచుకోవడం. ఇక్కడా అంతే. పెట్టుబడి లెక్క పెరిగితే ప్రభుత్వానికి దక్కే లాభం తగ్గుతుంది. ఒప్పందంలో అభివృద్ధి ఖర్చుకు 188.98 మిలియన్ డాలర్ల పరిమితి, దాని మీద 5 శాతం వెసులుబాటు. కంపెనీలు తీసుకున్నది 499 మిలియన్లు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2011 జనవరిలో ట్రిబ్యునల్ చాలావరకు కంపెనీల వైపే నిలబడింది, 278 మిలియన్లు అదనంగా రాబట్టుకోవచ్చంది. ప్రభుత్వం మలేషియాలో మూడు మెట్లెక్కింది, 2016 దాకా. ఎక్కడా గెలవలేదు.

అమలు కోసం కేసు ఢిల్లీకి వచ్చింది. ఈ అవార్డు దేశ పబ్లిక్ పాలసీకి విరుద్ధమని ప్రభుత్వం వాదించింది. సెక్షన్ 48 కింద మన కోర్టు కేసును మొదట్నుంచీ విచారించదు, చట్టంలో రాసిన కొద్ది కారణాలే చూస్తుంది. 2020 సెప్టెంబర్ 16న సుప్రీంకోర్టు అవార్డు అమలుకు ఓకే చెప్పింది.