బహరా వేరు, ఊంచా సున్నేవాలా వేరు

మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి వినికిడి తగ్గితే "నానా బహరే హోగయే" అనరు. "నానా జరా ఊంచా సున్తే" అంటారు. ఊంచా అంటే ఎత్తు. గొంతు కాస్త ఎత్తి చెబితే వింటారు అని మాయనే. ఎంత అదబ్ ఉందో చూడండి ఈ ముహావరాలో! ఇంకా ఏం వినపడుతుందో చెప్తుంది, ఎదుటివాడు ఏం చేయాలో కూడా చెప్తుంది.

కితాబీ ఉర్దూలో దీన్నే సిఖ్లె సమాఅత్ అంటారు, అంటే వినికిడి బరువెక్కడం. ఫార్సీలో గిరాఁ గోష్, అంటే బరువు చెవి. అరబీలో వఖ్ర్. అదీ బరువే. తెలుగులో వినికిడి మందగించింది అంటాం. పూర్తిగా పోతే బ్రహ్మచెవుడు. అన్ని జబాన్లలోనూ కొంచెం పోవడానికీ, మొత్తం పోవడానికీ ఫర్క్ ఉంది.

ఈ ఫర్క్‌ని వరసగా రాసిపెట్టినవాడు నిషాపూర్ ఆలిమ్ సాలబీ. 1038లో ఇంతెఖాల్ అయ్యాడు. ఆయన 'ఫిఖ్హుల్ లుగహ్' కితాబ్‌లో చెవుడికి మెట్లు కట్టాడు. మొదటిది వఖ్ర్. అది పెరిగితే సమమ్. ఇంకా పెరిగితే తరష్. ఉరుము కూడా వినపడకపోతే సలఖ్. తరష్ దగ్గర మాత్రం అందరూ ఒప్పుకోలేదు. అది అన్నిటికంటే తేలిక చెవుడు అని చెప్పిన నిఘంటుకారులూ ఉన్నారు. ఈ తకరార్ గుర్తుపెట్టుకోండి, ముందు పని పడుతుంది.

నిఘంటువుల్లో ఇంత నజాకత్ ఉన్నా జనం నోట్లో ఉండదు కదా. సాలబీకి ముందుతరంలో అదే నిషాపూర్‌లో ముహమ్మద్ ఇబ్నె యాఖూబ్ అనే పెద్ద ముహద్దిస్ ఉండేవాడు. ఇల్మ్ కోసం ఊళ్లు తిరిగి, ఉస్తాదుల దగ్గర హదీసులు విని ఇంటికొచ్చాక ఆయనకి చెవుడు మొదలైంది. పోనుపోను గాడిద ఓండ్ర కూడా వినపడనంత ముదిరింది. అయినా 76 ఏళ్లు దర్స్ ఇచ్చాడు. చెవులు బాగున్నప్పుడు విన్నదే చెప్తున్నాడు కాబట్టి ఆయన రివాయత్‌కి ఢోకా లేదు. జనం ఆయన్ని అసమ్, అంటే చెవిటాయన అన్నారు. ఆయనకి ఆ పిలుపు నచ్చేది కాదు. అది తెలిసి సాటి ఆలిమ్ ఒకాయన ఖాందాన్ పేరుతో మాఖలీ అని పిలిచేవాడు. తారీఖ్‌లో మిగిలిన పేరు మాత్రం అసమే.

అంతకు వందేళ్ల ముందు బల్ఖ్‌లో ఇంకో అసమ్ ఉన్నాడు. హాతిమ్ అసమ్, 852లో పోయిన సూఫీ. ఒక ఔరత్ మస్‌అలా అడగడానికి వచ్చి, మాట మధ్యలో అపానవాయువు వదిలి సిగ్గుతో చచ్చిపోయిందట. ఆయన వెంటనే "గట్టిగా చెప్పమ్మా, నాకు వినపడదు" అన్నాడట. ఆమె ఇజ్జత్ కోసం ఆ తర్వాత కూడా చెవిటివాడిలాగే నడుచుకున్నాడని సూఫీల తజ్కిరాలు చెప్తాయి. ఒకాయనకి బాధ పెట్టిన లఖబ్, ఇంకొకాయన కోరి మోసిన లఖబ్. లఫ్జ్ ఒక్కటే!

ఇక అసలు సంగతి. ఈ ఫర్క్ రోటీ దగ్గరికొచ్చినప్పుడు ఏమైంది? ఖాజీ ముద్దయీ మాట వినాలి, గవాహీ వినాలి. అందుకని హనఫీ ఫిఖ్హ్‌లో అసమ్‌కి ఖాజీ ఓహ్‌దా లేదు. మరి అత్రష్, అంటే తరష్ ఉన్నవాడి సంగతి? 17వ శతాబ్దంలో, ఔరంగజేబ్ హుకుంతో, బుర్హాన్‌పూర్ షేఖ్ నిజాం సర్‌పరస్తీలో తయారైన 'ఫతావా ఆలమ్‌గీరీ' దీనికి జవాబిచ్చింది: గట్టి గొంతు వినగలవాడు అత్రష్, అతన్ని ఖాజీగా పెట్టడం జాయజే. ఫుఖహా తరష్‌ని తేలిక చెవుడుగానే తీసుకున్నారన్నమాట. గట్టి గొంతు వినగలవాడు అంటే ఎవరు? మన ఊంచా సున్నేవాలాయే! మన నానీలు వంటింట్లో వాడే మాటా, దర్బారు ఆలిములు రాసిన తారీఫూ ఒక్కటే.

మన దేశపు ఖానూన్ ఈ ఫర్క్‌ని ఆలస్యంగా పట్టుకుంది. 1995 వికలాంగుల చట్టంలో అందరూ ఒకే గంపలో ఉన్నారు. 2016 చట్టం విడదీసింది: రెండు చెవుల్లో 70 డెసిబెల్స్ లోపముంటే డెఫ్, 60 నుంచి 70 మధ్య ఉంటే హార్డ్ ఆఫ్ హియరింగ్. సర్కారీ కొలువుల్లో ఈ ఇద్దరికీ కలిపి 1 శాతం కోటా. 60కి లోపు ఉన్నవాడు ఈ రెండు తారీఫుల్లోకీ రాడు, కానీ క్లాసులో వెనక బెంచీ నుంచి పాఠం వినపడదు, బ్యాంకు కిటికీ అవతలి మాట అందదు. వీధిలో మాత్రం అందరికీ కలిపి "చెవిటోడు" అని ఒకే పేరు.

ఖానూన్ గీసిన గీత అవతల ఉన్నవాళ్లకి మనం ఇవ్వగలిగింది పాత ముహావరానే. ఊంచా సున్తే అన్నాక గొంతు ఎత్తాల్సిన జిమ్మేదారీ మాట్లాడేవాడిదే.