నీలి గదిలో నడుం వాల్చిన మనిషి

కాన్వాసు ముందు నిలబడగానే కళ్లనిండా నీలమే. మంచం మీద దుప్పటి నీలం, వెనక జారిన తెర నీలం, వాటి మీద తెల్లటి ఆకులూ పూలూ. ఆ నీలం మధ్య ఒళ్లున్న మనిషి ఒకామె నడుం వాల్చి ఉంది. ఆకుపచ్చ, తెలుపు చారల పైజమా. సన్న పట్టీల గులాబిరంగు లోరవిక. పెదవుల మధ్య సిగరెట్టు.

ఇంకాస్త దగ్గరికి రండి. చేతి చుట్టూ, భుజం చుట్టూ సాగిన నల్లటి గీత చూడండి. మందంగా, తడబాటు లేకుండా ఉంది. దాని లోపల కండ బరువు తెలుస్తోంది. పైజమా చారలు తొడల గుండ్రంతో పాటే వంపు తిరిగాయి. మంచం చివర రెండు పుస్తకాలు, చదివి పక్కన పెట్టినట్టు. ఆమె చూపు మన మీద లేదు. మనం వచ్చామని బట్ట సర్దుకోలేదు, నవ్వూ తెచ్చుకోలేదు.

కింద సంతకం: సుజాన్ వలాదోన్, 1923. బొమ్మ పేరు ‘నీలి గది’.

మోడల్ పడే కష్టం వలాదోన్‌కు ఒంటితో తెలుసు. 1865లో పెళ్లికాని పేద తల్లికి పుట్టింది. సర్కసులో చేరి, కిందపడి ఆ పని మానుకుంది. తర్వాత పారిస్ మోంమార్త్ర్‌లో చిత్రకారులకు మోడలైంది. రెన్వార్ 1883లో వేసిన ‘బూజివాల్‌లో నాట్యం’లో ఆడుతున్న అమ్మాయి ఈమే. తులూజ్-లోత్రెక్ కూడా ఈమెను చిత్రించాడు. వాళ్లు చెప్పినట్టు మెడ తిప్పి, కదలకుండా నిలబడుతూనే వాళ్ల చేతులు గమనించింది. చిత్రకళ బడికి పోయే స్తోమత లేదు, అదే ఆమె బడి. ఆమె గీసినవి చూసి చిత్రకారుడు దెగా ముచ్చటపడి కొనుక్కున్నాడు.

మళ్లీ బొమ్మ వైపు చూడండి. చిత్రకారులు తిషియన్ వేసిన వీనస్, మానే వేసిన ఒలింపియా ఇలాగే మంచం మీద ఒరిగారు, ఒంటిమీద బట్ట లేకుండా, చూసేవాళ్ల కళ్లలోకి చూస్తూ. వలాదోన్ కూడా నగ్నచిత్రాలు ఎన్నో వేసింది. కానీ ఇక్కడ, అరవైకి దగ్గరవుతున్న వయసులో, ఆ పాత పడకనే తీసుకుని మనిషికి పైజమా తొడిగింది, దగ్గర పుస్తకాలు పెట్టింది, చూపును ఆమెకే వదిలేసింది.

ఏళ్లతరబడి ఇతరుల కోసం భంగిమలు పట్టిన మనిషి కుంచె పట్టి, మరో ఆడమనిషికి తీరిక ఇచ్చింది. ఈ బొమ్మ ఇప్పుడు పారిస్‌లోని పాంపిడూ సెంటర్ సొత్తు. ఇకమీదట ఎక్కడైనా మంచం మీది స్త్రీ బొమ్మ ఎదురైతే, అందం గురించి మాట్లాడే ముందు, ఆమె ఎవరి కోసం పడుకుందో అడగండి.