అమ్మ కొలతకు ఒక సైకిల్ ఫ్రేమ్

ఇంట్లో సైకిల్ ఫ్రేమ్ చేస్తున్నానంటే మన చుట్టాల్లో సగం మంది అడిగింది ఒకటే: "కొనుక్కుంటే పోయేదానికి ఎందుకప్పా ఈ తిప్పలు?" న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు చెప్పాలంటే నా సంగతి పక్కన పెట్టి ముందు ఫ్రేమ్ సంగతి చెప్పాలి. అంగట్లో దొరికే సైకిల్ మా అమ్మకు ఎందుకు సరిపోదో ఆ చరిత్రలోనే ఉంది.

అమ్మ ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. మన ఇళ్ళల్లో రెండు తరాల వాళ్ళు తొక్కింది 22 అంగుళాల, 24 అంగుళాల నల్ల సైకిళ్ళు. ఆడపిల్లలు, పొట్టివాళ్ళు అడ్డ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకు వాలి తొక్కేవాళ్ళు. అమ్మ నేర్చుకున్నదీ అట్లే. పెళ్ళయినాక మానేసింది. యాభై ఎనిమిదేళ్ళకు మళ్ళీ తొక్కుతానంది. నేను నాలుగు అంగళ్ళు తిరిగితే ఆమె ఎత్తుకు చూపించినవి పిల్లల సైకిళ్ళు, లేకపోతే ముందర బుట్ట పెట్టిన బరువైన లేడీస్ సైకిళ్ళు.

ఇంక చరిత్ర. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' అనే సేఫ్టీ సైకిల్ తెచ్చినాడు. దానికి ముందు ఉన్నవి ముందు చక్రం మనిషి ఛాతీ అంత ఎత్తుండే సైకిళ్ళు. గుంతలో పడితే మనిషి తలకిందులుగా ఎగిరి ముందుకు పడేవాడు. రోవర్‌లో రెండు చక్రాలూ దాదాపు ఒకే కొలత, వెనక చక్రాన్ని చైను తిప్పుతుంది. కోవెంట్రీలో అంతకు ముందు కుట్టు మిషన్లు కూడా చేసేవాళ్ళు. స్టార్లీల ఇంటి పెద్ద జేమ్స్ స్టార్లీ కుట్టు మిషన్ల పని నుంచే సైకిళ్ళలోకి వచ్చినాడు. బట్టలు కుట్టే మిషన్‌కు సన్నటి ఇనుప పని తెలిసిన చేతులు కావాలి, సైకిల్‌కూ అవే కావాలి.

తొలి రోవర్ గొట్టాలు వంకరగా ఉండేవి. కొన్నేళ్ళలోనే అవి నిటారుగా అయినాయి. సీటు నుంచి పెడళ్ళ దాకా ఒక గొట్టం చేరింది. ఇప్పుడు మనం చూసే డైమండ్ ఆకారం కుదిరింది. రెండు త్రిభుజాలు వీపులు ఆనించుకున్నట్టు ఉంటుంది. నాలుగు పుల్లలతో చేసిన చట్రాన్ని మూల నొక్కితే వాలిపోతుంది, మూడు పుల్లలది వాలదు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, తప్పులు వెతికే బుద్ధి పోదు కాబట్టి ఒక మాట: ముందరిది నిజానికి త్రిభుజం కాదు. హ్యాండిల్ కింద ఉండే పొట్టి హెడ్డు గొట్టంతో కలిపి లెక్కపెడితే దానికి నాలుగు మూలలు. ఫ్రేమ్ చిన్నదయ్యే కొద్దీ హెడ్డు గొట్టం పొట్టిదవుతుంది, ఆకారం అసలు త్రిభుజానికి దగ్గర పడుతుంది. అంటే పొట్టివాళ్ళ ఫ్రేమ్‌కు పుట్టుకతోనే గట్టితనం ఎక్కువ.

ఆకారం సరే, గొట్టం ఎక్కడిది? రేకును చుట్టి అంచులు అతికించిన గొట్టం అతుకు దగ్గర విచ్చుకుంటుంది. అతుకే లేని ఉక్కు గొట్టం వచ్చినాకనే సైకిల్ తేలికయింది. 1885లో జర్మనీలో మాన్నెస్‌మాన్ అన్నదమ్ములు కాలిన ఉక్కు కడ్డీని ఏటవాలు రోలర్ల మధ్య తిప్పుతూ నడిమికి బెజ్జం చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. బర్మింగ్‌హామ్‌లో గొట్టాలను చల్లగానే అచ్చుల గుండా లాగి సన్నం చేసేవాళ్ళు. అక్కడే మేకులు చేసే కుటుంబంలో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ ఉన్నాడు. సన్నటి గొట్టం నడిమిలో బాగానే నిలుస్తుంది, అతుకు దగ్గర విరుగుతుంది. మొత్తం మందం చేస్తే బరువు. చివర్లు మాత్రం లోపల పక్క మందంగా, నడుమ పలచగా, బయటికి ఒకే కొలతలో కనపడే గొట్టానికి 1897లో ఆయన ఇంకొకరితో కలిసి పేటెంటు తీసుకున్నాడు. మంచి స్టీలు ఫ్రేమ్‌లలో ఇప్పటికీ అదే వాడుతారు. 1935లో ఆ కంపెనీ తెచ్చిన 531 గొట్టం పేరు పాత సైకిల్ పిచ్చి ఉన్నవాళ్ళకు మంత్రం లాంటిది.

ఇక్కడ మన పెద్దాయన ఒకరు తప్పకుండా "ఉక్కు మనదే కదా" అంటారు. అవును, ఉక్కు మాట తెలుగుకూ కన్నడానికీ ఒకటే. ఇంగ్లీషువాళ్ళ 'వూట్జ్' దాన్నుంచే పుట్టింది, నిజామాబాద్ వైపు కోనసముద్రం దానికి పేరుబడిన ఊరు. కాని అది కత్తులకు పనికొచ్చే ఉక్కు. దాంట్లో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, గొట్టంగా లాగితే పగులుతుంది. నేను వాడిన క్రోమ్-మాలీ 4130 గొట్టంలో 0.3 శాతమే. కాబట్టి ఆ గొప్ప ఇక్కడ చెప్పుకోలేము.

చెప్పుకోదగ్గది ఇంకొకటి ఉంది. గొట్టాలను అతికేది బ్రేజింగ్‌తో. ఇందులో ఉక్కు కరగదు. ఉక్కు కరగాలంటే దాదాపు 1,500 డిగ్రీలు కావాలి. దాన్ని ఎర్రగా కాల్చి, 900 డిగ్రీల దగ్గర కరిగే ఇత్తడి కడ్డీని తాకిస్తే ఆ ఇత్తడి సందుల్లోకి తానే పాకుతుంది, నూనె దీపంలో వత్తి నూనెను పీల్చుకున్నట్టు. అయితే కాలిన ఉక్కు మీద క్షణాల్లో పొర కడుతుంది, పొర మీద ఇత్తడి అంటదు. ఆ పొరను కరిగించడానికి పూసేది వెలిగారం. కంసాలి బంగారానికి టంకం పెట్టేటప్పుడు వాడేది కూడా అదే. నేను కన్నడ బడిలో చదివినవాణ్ణి, దీన్ని బిళిగార అనే ఎరుగుదును. అవ్వ వెలిగారం అంటే వేరే ఏదో అనుకున్నాను. తమిళంలో వెంగారం. మూడింట్లోనూ 'తెల్ల గారం' అనే అర్థమే. సంస్కృతంలో టంకణం. ఇంగ్లీషులో ముడి వెలిగారానికి ఉన్న 'టింకల్' అనే పేరు పారశీకం మీదుగా దాన్నుంచే పోయింది. సరుకు కూడా ఆ దారినే పోయింది. టిబెట్టు, లడఖ్ చెరువుల అంచుల్లో దొరికే వెలిగారం గొర్రెల వీపు మీద మూటలుగా కొండలు దిగి, మన దేశం మీదుగా యూరపు చేరేది. 19వ శతాబ్దంలో ఇటలీ, ఆ తర్వాత అమెరికా గనులు ఆ వ్యాపారాన్ని తినేసినాయి. కోవెంట్రీలో తొలి ఫ్రేమ్ అతికినప్పుడు ఆ డబ్బాలో వెలిగారం ఏ దేశపుదో గాని, పని మాత్రం మన కంసాలి వీధిలో ఎప్పటి నుంచో జరుగుతున్న పనే.

గొట్టం గొట్టానికి నేరుగా అతకకుండా నడుమ ఒక తొడుగు పెడతారు, దాన్ని లగ్గు అంటారు. పాత హెర్క్యులిస్ హెడ్డు దగ్గర చూడండి, గొట్టం చివర చెక్కినట్టు కనపడేది అదే. లగ్గుతో పని వేగంగా జరుగుతుంది, కొత్త పనివాడు చేసినా అతుకు నిలుస్తుంది. ఫ్యాక్టరీకి అంతకంటే ఏం కావాలి? కాని లగ్గు కోణాన్ని శాసిస్తుంది. ఫ్రేమ్ రెండు అంగుళాలు తగ్గించాలంటే గొట్టాలు కోస్తే చాలు. అయిదారు అంగుళాలు తగ్గించాలంటే కోణాలే మారిపోతాయి, అప్పుడు కొత్త లగ్గుకు కొత్త అచ్చు చెయ్యాలి. పొట్టి ఆడవాళ్ళ కోసం కొత్త అచ్చు ఎవరు చేస్తారు?

మన పక్క కథా ఇదే. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో మురుగప్ప కుటుంబం ఇంగ్లండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి టి.ఐ. సైకిల్స్ పెట్టింది. 1955లో ఆవడిలో గొట్టాల ఫ్యాక్టరీ వచ్చింది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. తమాషా ఏమంటే రేనాల్డ్స్ 1928 నుంచి అదే ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చేతిలో ఉంది. అంబత్తూరు సైకిల్‌కూ 531 గొట్టానికీ ఒకే మేనత్త అన్నమాట. మనకు దక్కింది మాత్రం సాదా గొట్టం, బరువైన సైకిల్. దాన్ని తప్పు పట్టను. రెండు పాల క్యాన్లు, వెనక ఒక మనిషి, ముందు కడ్డీ మీద ఒక పిల్లోడు, కింద కంకర దారి. దీనికి సన్న గొట్టం ఎందుకు? గంటకు అద్దెకిచ్చే సైకిల్ షాపుల్లో చక్రం విప్పి ఊచలు కట్టడం నుంచి పూర్తి ఓవరాయిలింగ్ దాకా అన్నీ చేసేవాళ్ళు. ఫ్రేమ్ మాత్రం ఎప్పుడూ ఫ్యాక్టరీదే. విరిగితే గ్యాస్ వెల్డింగ్ అంగడికి పోయేది.

ఫ్రేమ్‌ను అంగడి వెనక గదిలోనే చేసిన అన్నదమ్ములు ఇద్దరు అందరికీ తెలిసినవాళ్ళే. రైట్ సోదరులు. డేటన్‌లో 1892లో సైకిళ్ళు అమ్మడం మొదలుపెట్టి, 1896 నుంచి సొంతంగా చేసినారు. 1903లో ఎగిరిన విమానంలో ప్రొపెల్లర్లు తిప్పింది సైకిల్ తరహా చైన్లే. మన కుటుంబాల వాళ్ళకు నచ్చే సంగతి ఇంకొకటి: వాళ్ళ మంచి సైకిల్ పేరు 'వాన్ క్లీవ్'. డేటన్‌కు మొట్టమొదట వలస వచ్చి స్థిరపడిన వాళ్ళ పూర్వీకుల ఇంటిపేరు అది.

లగ్గు లేకుండా అతికే దారి ఒకటుంది. గొట్టం చివరను చేప నోరులా కోసి, రెండో గొట్టం మీద సందు లేకుండా కూర్చోబెట్టి, చుట్టూ ఇత్తడిని గట్టులా పోస్తారు. 1930ల నుంచి లండన్‌లో క్లాడ్ బట్లర్ వంటివాళ్ళు దీనితోనే పేరు తెచ్చుకున్నారు. దీనికి ఏ కోణమైనా ఒకటే. నేను పట్టుకున్నది ఈ దారినే.

ముందు అమ్మను గోడకు నిలబెట్టి కాళ్ళు, చేతులు, నడుము కొలిచినాను. పెద్ద కాగితం మీద ఫ్రేమ్‌ను అసలు కొలతలో గీసినాను. ముందు చక్రం పాదానికి తగలకుండా 26 అంగుళాల చక్రాలు తీసుకున్నాను. పీణ్యాలో గ్యాస్ పని తెలిసిన ఒక పెద్దాయన దగ్గర రెండు నెలల శనివారాలు తుక్కు గొట్టాల మీద చెయ్యి తిరిగేదాకా అతికినాను. అతికిన ప్రతిదాన్నీ నిలువుగా కోసి ఇత్తడి లోపలి దాకా పోయిందో లేదో చూసేవాళ్ళం. అంతా మంట పనే అనుకుంటాము గాని, పదింట ఎనిమిది పాళ్ళు ఆకురాయి పనే. చేప నోరు సరిగా కూర్చుంటే దీపానికి పట్టినా సందులో వెలుతురు కనపడకూడదు. సందు ఉంటే ఇత్తడి దాన్ని కప్పుతుంది, బలం ఇవ్వదు. మంట ఎక్కువైతే గొట్టం చెడిపోతుంది, పైకి మాత్రం అంతా నున్నగా ఉంటుంది.

ముందు ఫోర్కు మాత్రం నేను చెయ్యలేదు, కొన్నాను. వెనక గొట్టం పగిలితే సైకిల్ మెల్లిగా వాలుతుంది. ఫోర్కు విరిగితే పళ్ళు పోతాయి. ఆ పందెం అమ్మ మీద వెయ్యను.

అన్నీ అతికినాక దారం పరీక్ష. వెనక చక్రం కూర్చునే గాడి ఒకదానికి దారం కట్టి, హెడ్డు గొట్టం చుట్టూ తిప్పి, రెండో గాడికి బిగించి, సీటు గొట్టానికి ఇరుపక్కలా దూరం కొలవాలి. రెండూ సమానమైతే ఫ్రేమ్ నేరుగా ఉన్నట్టు. నూరేళ్ళ నాటి పరీక్ష, పైసా ఖర్చు లేదు. తేడా ఒక మిల్లీమీటరు లోపే వచ్చింది. అమ్మకంటే ముందు ఎనభై రెండు కిలోల నేను దాని మీద నెల రోజులు కావాలనే గుంతల్లో తిరిగినాను, ఆదివారం ఆదివారం రంగు లేని అతుకులన్నీ భూతద్దంతో చూసినాను.

ఇప్పుడు రంగు వెయ్యాలి. రైట్ సోదరుల లెక్కన అవ్వ పుట్టినింటి పేరు హెడ్డు మీద రాయిద్దామన్నాను. చిన్నాయన తెలుగులో రాయమన్నాడు, చెల్లెలు కన్నడంలో అయితేనే వీధిలో చదువుతారంది. అమ్మ రెండూ వద్దంది. ఆకుపచ్చ రంగు, ఒక బెల్లు చాలట.