ఎల్లలు దాటి వచ్చిన పోలీసులు: 1879 రంప ఫితూరీ

చింతూరు దగ్గర నిలబడితే ఒకవైపు ఒడిశా, మరోవైపు ఛత్తీస్‌గఢ్. మన కోయ చుట్టరికాలు మూడు వైపులా ఉన్నాయి. పటం మీది గీతలు చూపించి పాఠం చెప్పేటప్పుడు పిల్లలు అడుగుతారు, ఈ గీత మామయ్య వాళ్ల ఊరికి ముందెందుకు వచ్చిందని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే 1879కి వెళ్లాలి.

అప్పుడు ఇక్కడి అడవి ఒక్కటే, ఏలికలు వేరు. రంప, గొలుగొండ మద్రాసు ప్రభుత్వానివి. రేకపల్లి 1874 దాకా మధ్య పరగణాలలో ఉండి తర్వాత మద్రాసుకు మారింది. మల్కనగిరి జయపురం జమీందారీలోది. గోదావరి దాటితే నిజాం రాజ్యం.

రంపలో మన్సబ్దారు మన కల్లు మీద చిగురుపన్ను వేశాడు. చెట్టు మనది, గీసేది మనం, డబ్బు మాత్రం గుత్తేదారుకి. పైగా మైదానం వర్తకులు అప్పుల పేరుతో కోర్టు డిక్రీలు తెచ్చి మనవాళ్ల సొత్తు జప్తు చేయించేవారు. పోలీసుల పీడింపు సరేసరి. 1879 మార్చిలో రంపలో మొదలైన తిరుగుబాటు ఏప్రిల్‌కి గొలుగొండ కొండలకు, జూలైకి రేకపల్లికి పాకింది. రేకపల్లిలో పోడు పన్ను పెరిగింది, కల్లు పన్ను భయమూ తోడైంది. ఒక్క ఊరి కోపమైతే ఇంత దూరం పాకదు కదా.

ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి, కారం తమ్మన్న దొర ముందు నడిచారు. అడవి తెలిసినవాళ్లకు ఎల్ల దాటడం వాగు దాటినంత తేలిక. అందుకే ప్రభుత్వాలూ కలిశాయి. మద్రాసు పదాతి దళాలతో పాటు పొరుగు జిల్లాల నుంచి వందల మంది పోలీసులు వచ్చారు. హైదరాబాదు కంటింజెంటు సైన్యమూ వచ్చింది. 1880లో చంద్రయ్య చనిపోయాడు. అదే ఏడు మల్కనగిరి అడవుల వైపు తమ్మన్న దొరను పోలీసులు కాల్చి చంపారు.

పట్టుకోవడానికి ఇంత బాగా కలిసిన ఏలికలు, మన గోడు వినడానికి అంతకుముందు ఒక్కసారైనా కలిశారా? రికార్డుల్లో వీళ్లంతా నేరస్థులే. కానీ విచారణ జరిగాక ఆ ప్రభుత్వమే మన్సబ్దారును తొలగించి, ముఠాదారులకు నేరుగా సనదులు ఇచ్చింది. నేరం ఎవరిదో దానికీ కొంత తెలిసినట్టే.

తెలిసినా అలవాటు పోలేదు. 1922లో అడవి ఆంక్షలు, రోడ్డు పనుల్లో కూలీ ఎగవేతల మీద అల్లూరి సీతారామరాజుతో మన్యం మళ్లీ లేచింది. ఈసారి మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు. 1924లో, ఎక్కడో ఈశాన్యం నుంచి అస్సాం రైఫిల్స్‌ను కూడా దింపారు.